చదివి పారేసిన నవలల ఫస్ట్ ఎడిషన్లు ఎందుకు దొరకవు?

1886లో మెల్‌బోర్న్‌లో ఫెర్గస్ హ్యూమ్ అనే బారిస్టరు గుమాస్తా సొంత డబ్బులతో ఒక డిటెక్టివ్ నవల అచ్చు వేయించుకున్నాడు. పేరు ‘ది మిస్టరీ ఆఫ్ ఎ హాన్సమ్ క్యాబ్’. ఊళ్లో పబ్లిషర్లెవరూ పట్టించుకోలేదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. మొదటి విడత 5,000 కాపీలు వేస్తే చకచకా అమ్ముడుపోయాయి, ఆ తర్వాత విదేశీ హక్కులు 50 పౌండ్లకు ఇచ్చేశాడు, లండన్‌లో ఆ పుస్తకం లక్షల్లో పోయింది. ఇప్పుడు ఆ మెల్‌బోర్న్ మొదటి విడత ప్రతులు ప్రపంచం మొత్తం మీద వెతికితే ఒక చేతి వేళ్లకు సరిపోయేన్నే తేలుతున్నాయి.

5,000లో నాలుగైదు. అదే రోజుల్లో ఎవరో 300 కాపీలు వేయించుకుని స్నేహితులకు పంచిన కవితా సంపుటం ఇంతకన్నా తేలిగ్గా దొరకొచ్చు, ఎందుకంటే దాన్ని ఎవరూ విప్పలేదు, బీరువాలో పెట్టారు, అక్కడే ఉండిపోయింది. డిటెక్టివ్ నవలను మాత్రం రైల్లో చదివారు, పక్కింటికిచ్చారు, పక్కింటివాళ్లు వాళ్ల బంధువులకిచ్చారు, చివరికి పొట్లాలకో పొయ్యిలోకో వెళ్లిపోయింది. పాత డిటెక్టివ్ నవలల ఫస్ట్ ఎడిషన్ల సేకరణ అర్థం కావాలంటే ముందు ఈ సంగతి పట్టుకోవాలి. ఇవి తక్కువ అచ్చేసినందుకు అరుదు కాలేదు, ఎక్కువమంది చదివినందుకు అరుదయ్యాయి. ధరలు, మోసాలు, కలెక్టర్ల పట్టింపులు అన్నీ ఇక్కడి నుంచే పుట్టుకొస్తాయి.

ఫస్ట్ ఎడిషన్ అంటే మాటల్లో చాలా తేలిక: మొదటిసారి కూర్చిన టైపుతో మొదటి విడతలో అచ్చయిన ప్రతి. నెల తిరక్కుండా అదే టైపుతో రెండో విడత వేసినా, పేజీకి పేజీ ఒకేలా ఉన్నా, కలెక్టరు లెక్కలో అది రెండోదే. చిక్కేమిటంటే పాత రోజుల్లో చాలా కంపెనీలు ‘ఇది మొదటి ముద్రణ’ అని ఎక్కడా వేయలేదు, మళ్లీ వేసినప్పుడు మాత్రం ఆ సంగతి చెప్పేవి, అంటే ఏమీ రాయకపోవడమే గుర్తు. ఎన్నో ముద్రణో తెలపడానికి ఈ మధ్య పుస్తకాల్లో వేసే 1 నుంచి 10 దాకా అంకెల వరస ఆ కాలపు పుస్తకాల్లో ఉండదు. కాబట్టి ఏ కంపెనీ ఏ ఏడు ఏ పద్ధతి పాటించిందో తెలిసినవాళ్లే గట్టిగా చెప్పగలరు.

అక్కడితో కూడా తేలని చోట అచ్చుతప్పులు పనికొస్తాయి. 1892లో జార్జ్ న్యూన్స్ కంపెనీ వేసిన ‘అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ తీసుకోండి. 317వ పేజీలో వయొలెట్ హంటర్ అని ఉండాల్సిన అమ్మాయి పేరు ‘వయొలెంట్ హంటర్’ అని పడింది. అట్ట మీద ఒక వీధి బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మలో వీధి పేరు రాసే పలక మొదటి వాటిలో ఖాళీగా ఉంది, తర్వాతి వాటిలో సౌతాంప్టన్ స్ట్రీట్ అని నింపారు. పలక ఖాళీగా ఉన్నదానికీ నిండినదానికీ ధరలో తేడా బాగానే ఉంటుంది. 1902 నాటి ‘హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’లో 13వ పేజీ మూడో లైనులో ఒక్క అక్షరం తగ్గింది, ‘యువర్’ అని ఉండాల్సింది ‘యు’ అని పడింది. కథ చదివేవాడు గమనించకుండా దాటిపోయే ఆ లైను దగ్గరికి పుస్తకం కొనేవాడు సరాసరి వెళ్తాడు. ఇది పిచ్చిపట్టుదలలా కనిపించొచ్చు కానీ దాని వెనక తర్కం గట్టిదే, అచ్చుయంత్రం మొదట తిరిగినప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి ఆ తప్పు తప్ప వేరే సాక్షి లేడు.

ఇంకో పేచీ దేశాలది. అగాథా క్రిస్టీ మొదటి నవల ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’ రచయిత్రి బ్రిటిష్, కథ జరిగేది ఇంగ్లండ్‌లో, కానీ పుస్తకంగా మొదట వచ్చింది న్యూయార్క్‌లో, 1920 అక్టోబరులో, జాన్ లేన్ కంపెనీ నుంచి. లండన్‌లో బోడ్లీ హెడ్ ప్రచురణ 1921 జనవరిలో వచ్చింది. మరి అసలు ఫస్ట్ ఎడిషన్ ఏది? ఎక్కడ ముందు వస్తే అదే అని కొందరు, రచయిత సొంత దేశంలో వచ్చిందే అని ఇంకొందరు. ఈ రెండు పక్షాలూ ఎప్పటికీ కలవవు, కలవాల్సిన అవసరం కూడా లేదు, ఏ పక్షమో ముందే తేల్చుకుని కొనడం మొదలుపెడితే సరిపోతుంది. పేర్లు మారిపోవడం ఇంకో తలనొప్పి: 1934లో లండన్‌లో ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’గా వచ్చిన నవల అమెరికాలో ‘మర్డర్ ఇన్ ది కాలే కోచ్’ అయింది.

ఇక పత్రికల సంగతి. షెర్లాక్ హోమ్స్ మొదటిసారి కనిపించింది విడి పుస్తకంలో కాదు, 1887 నాటి ‘బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్’ అనే ఒక షిల్లింగు పండగ సంచికలో. ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ హక్కులన్నీ కలిపి కోనన్ డాయిల్‌కు ముట్టింది 25 పౌండ్లు. మెత్తటి కాగితపు అట్ట, చవక కాగితం, పండగ అయిపోగానే పారేసే వస్తువు. మిగిలినవి కొన్ని పదుల్లోనే ఉన్నాయి, 2007లో సోథబీస్ వేలంలో ఒకటి లక్షా 56 వేల డాలర్లకు పోయింది. అమెరికాలో ‘ది మాల్టీస్ ఫాల్కన్’ కూడా అంతే, 1929 సెప్టెంబరు నుంచి ‘బ్లాక్ మాస్క్’ అనే పల్ప్ పత్రికలో, అంటే చవక కాగితపు కథల పత్రికలో, ధారావాహికగా వచ్చాకే 1930 ఫిబ్రవరిలో నాఫ్ కంపెనీ పుస్తకంగా వేసింది. ఆ పత్రికల కాగితంలో ఆమ్లం ఎక్కువ, గోధుమ రంగుకు తిరిగి, అంచులు అప్పడంలా విరిగిపోతాయి. ఎంత జాగ్రత్తగా దాచినా ఆ కాగితం తనను తాను తినేస్తూనే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఆధారపడేది డస్ట్ జాకెట్ మీద, అంటే గట్టి అట్ట మీద తొడిగే బొమ్మల కాగితం. అది వచ్చింది షాపు నుంచి ఇంటికి వెళ్లేదాకా పుస్తకం మాయకుండా ఉండటానికి, ఇంటికెళ్లాక తీసి పారేయడమే అప్పటి అలవాటు. కొత్త బట్ట కొని పైనున్న కవరు దాచుకోం కదా, అలాగే. లైబ్రరీలైతే జాకెట్ తీసేసే పుస్తకాన్ని అరలో పెట్టేవి. అందువల్ల 1920, 30ల నాటి మంచి పేరున్న డిటెక్టివ్ నవల జాకెట్ లేకుండా ఒక ధర, జాకెట్‌తో దానికి పదింతలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ‘హౌండ్’ ఫస్ట్ ఎడిషన్ జాకెట్ లేకుండా వెతికితే దొరుకుతుంది, జాకెట్ ఉన్న ప్రతి 1998లో వేలానికొస్తే 80 వేల పౌండ్లు దాటింది. చదవడానికి ఉన్న 350కి పైగా పేజీల కన్నా పైన చుట్టిన ఒక్క కాగితం ఖరీదు కావడం అన్యాయంలా అనిపిస్తే అనిపించొచ్చు, కానీ పుస్తకం మొదటిరోజు షాపు కిటికీలో ఎలా కనిపించిందో చూపించేది ఆ కాగితమొక్కటే.

ఇంత డబ్బు ఉన్నచోట మోసం రాకుండా ఉండదు. కాలిన్స్ కంపెనీ 1930లో క్రైమ్ క్లబ్ అనే డిటెక్టివ్ నవలల వరస మొదలుపెట్టింది, ఆ కాలపు కొత్త నవల ధర ఏడున్నర షిల్లింగులు, జాకెట్ వెన్ను మీదే 7/6 అని ఉండేది. తర్వాత చవక ముద్రణలు వేసినప్పుడు తరచు అదే బొమ్మ వాడి ధర మాత్రం మార్చేవారు. కాబట్టి ఫస్ట్ ఎడిషన్ పుస్తకానికి ఎక్కడో దొరికిన చవక ముద్రణ జాకెట్ తొడిగి, ధర ఉన్నచోట చింపేసి, ‘కొంచెం చిరిగింది’ అని అమ్మడం పాత కిటుకు. జాకెట్ వెనక ప్రకటనలు చదివితే చాలాసార్లు దొంగ దొరికిపోతాడు, 1932 నవల జాకెట్ మీద 1935లో వచ్చిన పుస్తకం ప్రకటన ఉండే అవకాశమే లేదు.

ఇలా వేరే ప్రతి నుంచి తెచ్చి పెళ్లి చేసిన జాకెట్‌ను పట్టుకునే ఇంకో ఉపాయం ఉంది, దీన్ని దగ్గరగా చూడాలి. పుస్తకాన్ని కిటికీ పక్కన వెలుతురులో పెట్టి జాకెట్ నెమ్మదిగా తీయండి. వెన్ను మీద పైన రూపాయి బిళ్లంత ముక్క ఊడిపోయిన జాకెట్ అనుకుందాం. అది పుట్టినప్పటి నుంచీ ఈ పుస్తకం మీదే ఉంటే, సరిగ్గా ఆ ముక్క లేని చోట లోపలి గుడ్డ ఎండకు వెలిసి, దాదాపు అదే ఆకారంలో మచ్చ కట్టి ఉండాలి. గుడ్డ మొత్తం ఒకే రంగులో ఉంటే ఆ జాకెట్ నిన్నో మొన్నో తొడిగినదని అనుమానించాలి. తర్వాత అట్ట తెరిచి మొదటి తెల్ల కాగితం చూడండి. జాకెట్ మడత ఏళ్ల తరబడి ఆనుకున్నచోట ఒక రంగు, ఆననిచోట ఒక రంగు ఉంటుంది, ఆ గీత ఇప్పుడున్న మడత వెడల్పుతో కలవాలి. కలవకపోతే అక్కడే ఆగిపోవాలి. కొత్తగా ప్రింట్ తీసిన నకలు జాకెట్లయితే భూతద్దంలో చుక్కలు వేరేలా కనిపిస్తాయి, నకలు అని చెప్పి అమ్మితే తప్పు లేదు, చెప్పకపోతేనే గొడవ.

ఈ పరిశీలన పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన కేసు కూడా పుస్తకాలదే. 1934లో జాన్ కార్టర్, గ్రహామ్ పొలార్డ్ అనే ఇద్దరు పుస్తక వ్యాపారులు 19వ శతాబ్దపు చిన్న పుస్తకాలు కొన్ని దొంగవని బయటపెట్టారు. ఎలిజబెత్ బ్రౌనింగ్ సానెట్లు 1847లో రెడింగ్ ఊళ్లో అచ్చయినట్టు ఒక పుస్తకం మీద ఉంది. కాగితాన్ని పరీక్షిస్తే అందులో ఎస్పార్టో గడ్డి గుజ్జు తేలింది, ఇంగ్లండ్‌లో ఆ గుజ్జుతో కాగితం చేయడం మొదలైంది 1861 ప్రాంతంలో. టైపు ముక్కల ఆకారం కూడా తారీఖుతో కుదరలేదు. అన్ని దారులూ థామస్ వైజ్ అనే, అప్పటికి ఇంగ్లండ్‌లో అందరూ గౌరవించే పుస్తక పండితుడి ఇంటికే చేరాయి. అదే కార్టర్ అదే 1934లో డిటెక్టివ్ కథల సేకరణ మీద ఒక వ్యాసం రాసి, ఇవి కూడా దాచుకోదగ్గ పుస్తకాలేనని గట్టిగా చెప్పాడు. అప్పటిదాకా ఫస్ట్ ఎడిషన్ అంటే కవులదీ పెద్ద నవలాకారులదీ అనుకునేవారు.

ఆ దారిలో నడిచినవాళ్లలో నవలా రచయిత గ్రహామ్ గ్రీన్ ఒకడు. ఆయనా, బొమ్మలు వేసే డొరొతీ గ్లోవరూ కలిసి విక్టోరియన్ డిటెక్టివ్ కథలు పోగేశారు, 1966లో ఆ సేకరణ జాబితానే ఒక పుస్తకంగా వచ్చింది, దానికి ముందుమాట కార్టరే రాశాడు. ఆ జాబితా ఇప్పుడు కలెక్టర్ల చేతి పుస్తకం. అమెరికాలో ఎలరీ క్వీన్ పేరుతో రాసిన ఇద్దరిలో ఫ్రెడరిక్ డానే డిటెక్టివ్ చిన్న కథల సంపుటాలు ఏరి, 1951లో ‘క్వీన్స్ కోరమ్’ పేరుతో 106 ముఖ్యమైన పుస్తకాల వరస ఇచ్చాడు, ఆయన పోగేసిన పుస్తకాలు టెక్సాస్ యూనివర్సిటీకి చేరాయి. ఇలాంటి జాబితా వచ్చాక మార్కెట్ దాని చుట్టూ తిరుగుతుంది: జాబితాలో ఉన్న పుస్తకం ధర పెరుగుతుంది, లేనిది పక్కకు పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు తెలివైన దారి మాత్రం జాబితా బయటే ఉంది, ఒకే ఊరి కథలు గానీ, ఒకే చిత్రకారుడి జాకెట్లు గానీ, ఎవరూ పట్టించుకోని ఒక రచయిత పుస్తకాలు గానీ ఎంచుకుని అన్నీ పోగేయడం. కొన్నాళ్లకు ఆ విషయంలో వాళ్లకన్నా తెలిసినవాళ్లు ఉండరు.

మన దేశంలో పాత పుస్తకాల కుప్పల్లో బ్రిటిష్ డిటెక్టివ్ నవల దొరికితే సంబరపడే ముందు ఒక సంగతి చూసుకోవాలి. బ్రిటిష్ కంపెనీలు ఇండియాకూ వలస దేశాలకూ విడిగా కలోనియల్ ఎడిషన్లు పంపేవి, చవక అట్టతో, ఈ పుస్తకం ఇండియాలోనూ వలస దేశాల్లోనూ మాత్రమే అమ్మాలి అనే అర్థం వచ్చే మాటతో. ఏడాది అదే ఉంటుంది, ఒక్కోసారి లోపలి కాగితాలు కూడా లండన్ విడతవే అయ్యుండొచ్చు, కానీ ధరలో లండన్ ప్రతికి దీనికి పోలిక లేదు. మద్రాసు హిగ్గిన్‌బాథమ్స్ ముద్ర ఉన్న అలాంటి ప్రతిని తక్కువ చూపు చూడటం మాత్రం తప్పు. షెర్లాక్ హోమ్స్ మన ప్రాంతానికి రైలు స్టేషన్ పుస్తకాల షాపుల గుండా వచ్చాడనడానికి ఆ ముద్ర కన్నా మంచి రుజువు ఏముంటుంది?

మరి తెలుగు డిటెక్టివ్ నవలలు? హ్యూమ్ నవలకు పట్టిన గతే వీటికీ పట్టింది, ఇంకా తొందరగా పట్టింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు పేర్లు వినని తెలుగు పాఠకుడు ఒక తరంలో లేడు. ఆరుద్ర లాంటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. అప్పట్లో ఇవి చాలావరకు మద్రాసులో, విజయవాడలో అచ్చయ్యేవి, చేతిలో ఇమిడే సైజు, చవక కాగితం, రంగుల అట్ట. కొనుక్కుని చదివినవాళ్లకన్నా అద్దెకు తెచ్చుకుని చదివినవాళ్లే ఎక్కువ.

ఇక్కడ అద్దె పుస్తకాల షాపు చేసిన పనే ఇంగ్లండ్‌లో మ్యూడీస్, బూట్స్ లాంటి సర్క్యులేటింగ్ లైబ్రరీలు చేశాయి. 1868లో ‘ది మూన్‌స్టోన్’ మూడు సంపుటాలుగా వస్తే ధర 31న్నర షిల్లింగులు, మామూలు మనిషి కొనలేడు, లైబ్రరీలు కొని తిప్పేవి, అట్ట మీద లేబుల్ అంటించేవి, పుస్తకం నలిగి చచ్చేదాకా వదిలేవి కావు. మన షాపులవాళ్లు కూడా కొత్త నవల రాగానే అట్టలు ఊడిపోకుండా గట్టి దారంతో అడ్డంగా కుట్టేసి, దళసరి కార్డు అతికించి, వెన్నుకు కాలికో గుడ్డ వేసేవారు. పుస్తకం ఎక్కువమంది చదివేదాకా నిలవడానికి చేసిన పని అది, దానికి వాళ్లను తప్పు పట్టలేం. అయితే ఆ కుట్టులో లోపలి మార్జిను, ఒక్కోసారి లైను చివరి అక్షరాలు కూడా పోయాయి, రంగుల అట్ట చిరిగితే పారేశారు, ముద్రణ వివరాలున్న మొదటి కాగితం ఊడిపోతే ఎవరూ మళ్లీ అంటించలేదు. 1985లో మద్రాసు మూర్ మార్కెట్ తగలబడినప్పుడు పాత పుస్తకాలకు పెద్ద ఆసరా అయిన చోటే పోయింది.

తెలుగు పుస్తకానికి ఒక వరం మాత్రం ఉంది. ఇంగ్లిషు కంపెనీలు దాచిపెట్టిన సంగతిని మన పబ్లిషర్లు చాలామంది మొదటి పేజీ వెనకే చెప్పేశారు: ప్రథమ ముద్రణ ఫలానా నెల, ఫలానా సంవత్సరం, ప్రతులు ఇన్ని, వెల ఇంత, ఫలానా ప్రెస్సు, ఫలానా ఊరు. ‘ప్రతులు 2000’ అనే ఆ ఒక్క లైను కోసం ఒక ఇంగ్లిషు కలెక్టరు ఏళ్ల తరబడి పబ్లిషర్ల లెడ్జర్లు తిరగేయాల్సి వస్తుంది. డిటెక్టివ్ పాకెట్ పుస్తకాల్లో కొన్నిటికి మాత్రం సంవత్సరం వేయలేదు, ఎప్పుడు అమ్మినా కొత్తదే అనిపించాలని కాబోలు. అలాంటప్పుడు వెల చూడాలి, వెనక అట్ట మీద ‘త్వరలో వస్తున్నాయి’ అనే జాబితా చూడాలి, ప్రెస్సు చిరునామా చూడాలి. జాబితాలో త్వరలో అని ఉన్న నవల ఏ ఏడు వచ్చిందో తెలిస్తే ఈ పుస్తకం అంతకు కాస్త ముందుదని తేలుతుంది. క్రైమ్ క్లబ్ జాకెట్‌కు వాడిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది.

ఎక్కడ దొరుకుతాయంటే, హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో, అన్నిటికన్నా ఎక్కువగా మూతపడిన అద్దె షాపుల అటకల మీద. అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడిన పిల్లలు ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ముందు కాటాకు వెళ్లేవి ఈ నవలలే. స్కాన్ చేసి పెట్టుకుంటే చాలు కదా అనే మాట వినిపిస్తుంది. కథ దక్కడానికి చాలు, ఆ పని చేస్తున్నవాళ్లకు దణ్ణం పెట్టాలి. కానీ స్కాన్ చేసిన ప్రతి తరచు ఏ లైబ్రరీవాళ్లో బైండు చేయించినదే అయ్యుంటుంది, అందులో రంగుల అట్ట ఉండదు, వెనక ప్రకటన ఉండదు, పుస్తకం ఎంత మందమో ఎంత బరువో తెలియదు. అట్ట బొమ్మ వేసిన చిత్రకారుడి సంతకం అట్టతోపాటే పోతుంది.

దొరికినదాన్ని చేజేతులా పాడుచేసుకోవడం కూడా మనకు అలవాటే. అట్ట చిరిగిందని సెల్లోటేపు వేస్తే కొన్నేళ్లకు టేపు ఊడిపోయి జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి దిగిపోతుంది, ఆ మరక మళ్లీ పోదు. లామినేషన్ చేయిస్తే ఇంక అది ఎప్పటికీ విడిపోదు. అతకని పారదర్శక కవరు తొడిగి, గోడకు ఆనించకుండా, ఎండ తగలని అరలో నిలబెట్టి ఉంచితే చాలు. కోస్తా ఊళ్లలో వానాకాలం తేమకు బూజు పడుతుంది, అందుకని అప్పుడప్పుడూ తీసి నీడలో ఆరబెట్టాలి, చెద అర కాళ్ల దగ్గర మొదలవుతుంది కాబట్టి అటు కన్నేసి ఉంచాలి.

అద్దె షాపు ప్రతి దొరికితే దాన్ని కొత్తదానిలా చేయాలని దారం విప్పకండి. లోపలి అట్టకు అంటించిన కాగితం మీద తారీఖుల ముద్రలు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి, ఊదా సిరాలో, కొన్ని వంకరగా. వాటిని వరసగా రాసుకుంటే ఆ నవల వచ్చిన కొత్తలో రోజు మార్చి రోజు ఎలా చేతులు మారిందో, ఏ వేసవిలో ఎక్కువ తిరిగిందో, ఎప్పటి నుంచి అడిగేవాళ్లు తగ్గారో తెలుస్తుంది. షాపు పేరు, వీధి పేరు ఉన్న రబ్బరు ముద్ర మొదటి పేజీలో ఒకటి, మధ్యలో ఎక్కడో ఒకటి, చివర ఒకటి ఉంటాయి. చివరి పేజీలో ‘సమాప్తం’ కింద ఎవరో పెన్సిల్‌తో రాసిన మాట ఉంటే దాన్ని రబ్బరుతో చెరపకండి. ముద్రణ పేజీ, ఈ ముద్రలు, అట్ట రెండు వైపులా, ముందు ఫోన్‌లోనైనా ఫోటో తీసి, వెల, ప్రెస్సు, ప్రతుల సంఖ్య ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. తెలుగు డిటెక్టివ్ నవలలకు గ్రీన్ జాబితాలాంటిది ఎప్పటికైనా తయారైతే, ఇలాంటి నోటుబుక్కుల నుంచే తయారవ్వాలి.